నీళ్ల విలువ లెక్క: రైతులూ ఇంజనీర్లూ ఒకే చాప మీద కూర్చోవాలంటే

ఆనేకల్, హొసకోట, మాలూరు. బెంగళూరు చుట్టూ తెలుగు మాట్లాడే ఊళ్లకు లెక్క లేదు. అక్కడి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "నీళ్ల విలువ మీద రైతులకూ నీటిపారుదల శాఖ వాళ్లకూ కలిపి ఒక మీటింగ్ పెట్టాలనుకుంటున్నాం అన్నా, ఇంజనీరు వస్తానన్నాడు. ఏం మాట్లాడాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇలా రాసి పెడుతున్నా.

ముందుగా ఒక హెచ్చరిక. "ధర" అనే మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. నేను పెట్టించిన మొదటి మీటింగుకు బ్యానర్ మీద "సాగునీటి ధర" అని రాయించా. పది నిమిషాల్లో సగం మంది లేచిపోయారు. మోటార్లకు మీటర్లు బిగించడానికి వచ్చారని ఊరంతా పాకింది. తర్వాత ఆరు నెలలు ఆ ఊళ్లో నాకు టీ కూడా పుట్టలేదు. ధర వేరు, ఖర్చు వేరు, విలువ వేరు. కావేరి నీళ్లు కొళాయిలో వచ్చే బెంగళూరు ఇంటికి 2014 నుంచి 2025లో పెంచేదాకా మొదటి 8 వేల లీటర్లకు వెయ్యికి 7 రూపాయలే. అవే నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తి పంపు చేయడానికి అయ్యే ఖర్చు ఇంకో లెక్క. కొళాయి ఎండిన రోజు ఆ ఇంటికి వాటి విలువ మూడో లెక్క. రైతుకూ అంతే. మనం ఆ మూడో లెక్క కోసం కూర్చుంటున్నాం.

కావాల్సినవి

200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్, టేపు, 10 మీటర్ల తాడు, ఎండిన కొబ్బరి చిప్పలో నిమ్మకాయలో నాలుగు, చార్టులు, స్కెచ్ పెన్నులు, ఒక శేరు చింతగింజలు. వెల్డింగ్ షాపులో చెబితే బోరు బండి వాళ్లు నీళ్లు కొలవడానికి వాడే వి-నాచ్ పెట్టె (ఒక పక్క V ఆకారంలో గాటున్న పెట్టె) చేసిస్తారు. గాటు సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. పెట్టె దొరక్కపోతే డ్రమ్ము చాలు. రైతులు రెండేళ్ల మండీ పట్టీలు తేవాలి. శాఖ వాళ్లు చెరువు సామర్థ్యం, తూము ఎత్తిన తేదీలు, త్రీఫేజ్ కరెంటు వేళలు తేవాలి. చార్టులు తెలుగులోనూ కన్నడంలోనూ రాయండి. మన ఊళ్లలో మాట తెలుగే అయినా పిల్లలు చదివేది కన్నడం, ఆఫీసు ఫైలు కూడా కన్నడమే.

1. ఎవరిని పిలవాలి

20 మంది దాటొద్దు. మొదటి పిలుపు చెరువు నీళ్లు మడులకు పంచే నీరుగంటికి. ఈ కాలంలో నీరుగంటి ఎక్కడున్నాడంటారా? తూము తీసే హక్కు పోయినా, ఏ మడికి నీళ్లెక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన ముసలాయన ఒకరు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాడు. ఆయకట్టు మొదట్లో ఇద్దరు, చివర్లో ఇద్దరు, బోరున్నవాళ్లు, బోరు ఎండినవాళ్లు, గుత్తకు చేసేవాళ్లు, పశువులు మేపేవాళ్లు రావాలి. ఆడవాళ్లను మగవాళ్ల పక్కన కూర్చోబెట్టి "మీరేమంటారమ్మా" అంటే ఏమీ అనరు. వాళ్లకు వేరే చాప, వేరే చార్టు వేయండి.

శాఖ నుంచి ఎవరు? కర్ణాటకలో 40 నుంచి 2,000 హెక్టార్ల ఆయకట్టున్న చెరువులు మైనర్ ఇరిగేషన్ శాఖవి, అంతకన్నా చిన్నవి పంచాయతీల కింద ఉంటాయి. ముందు మీ చెరువు ఎవరిదో కనుక్కోండి. తప్పు ఇంజనీరును పిలిస్తే పాపం ఆయన మర్యాదకు వస్తాడు, ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేడు. కరెంటు లైన్‌మ్యాన్‌ను తప్పకుండా పిలవండి. బోరు సాగులో అసలు నీటి మేనేజర్ ఆయనే.

2. కొలవకముందే అంచనా రాయించండి

ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇచ్చి రెండు ప్రశ్నలు వేయండి. మీ బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుంది? ఎకరా టమాటాకు పంట మొత్తానికి ఎన్ని లీటర్లు పడతాయి? ఇంజనీరూ రాయాలి, మీరూ రాయాలి. చీటీలు మడిచి డబ్బాలో వేసి పక్కన పెట్టండి. దీన్ని దాటేయకండి, చివర్లో దీంతో పనుంది.

3. బోరు కొలవండి

అందరూ లేచి ఒక బోరు దగ్గరికి నడవండి. మోటారు వేసి కనీసం అరగంట వదిలేయండి. మొదట వచ్చే నీళ్లు బోరులో నిలవున్నవి, వాటిని కొలిచి మురిసిపోవద్దు. తర్వాత డ్రమ్ము పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లో చూడండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు "రెండంగుళాల నీళ్లు", "మూడంగుళాల నీళ్లు" అంటారు. అది పైపు సైజు కాదు, వి-నాచ్ గాటులో నీళ్లు నిలిచే ఎత్తు. గాటు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి ఎత్తు కొంచెం పెరిగితే నీళ్లు బాగా పెరుగుతాయి. చార్టు మీద ఇలా రాయండి:

1 అంగుళం: గంటకు సుమారు 510 లీటర్లు
2 అంగుళాలు: సుమారు 2,900
3 అంగుళాలు: సుమారు 8,000
4 అంగుళాలు: సుమారు 16,300

రెండుకూ నాలుగుకూ మధ్య తేడా రెండింతలు అనుకుంటారు, నిజానికి ఐదున్నర రెట్లు పైనే. ఈ చార్టు చూసి ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంపకాల్లో అన్నకు మూడంగుళాల బోరు, తమ్ముడికి రెండంగుళాలది, "అంగుళమే కదా తేడా" అని పెద్దమనుషులు ఒప్పించారట. ఆ అంగుళం విలువ గంటకు 5 వేల లీటర్లు! ఆ రోజు మీటింగు అక్కడే ఆగిపోయింది, నేనూ అడ్డుపడలేదు.

సరిచూసుకోవడం తేలికే. రెండంగుళాల బోరైతే 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి 4 నిమిషాలు పైనే పట్టాలి, మూడంగుళాలైతే ఒకటిన్నర నిమిషం. బోరు వేసిన రోజు బండి వాళ్లు చెప్పిన అంగుళాలు వేరే. అవి కంప్రెసర్ గాలితో ఎగజిమ్మిన నీళ్లు, మోటారుతో రోజూ వచ్చేవి కావు. ఏప్రిల్‌లో ఒకసారి, వానలయ్యాక నవంబరులో ఒకసారి కొలవాలి. ఒక్క కొలతతో తీర్పు చెప్పొద్దు.

4. కాలవ కొలవండి

చెరువు కింద సాగు లేకపోతే ఇది వదిలేయండి. ఉంటే కాలవ నేరుగా పోయే చోట 10 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. పై పుల్ల దగ్గర నిమ్మకాయ వదిలి కింది పుల్ల చేరడానికి ఎన్ని సెకన్లో చూడండి. వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20, సమయం 25 సెకన్లు అనుకోండి. వేగం సెకనుకు 0.4 మీటరు. వేగాన్ని వెడల్పుతో, లోతుతో గుణించి, మళ్లీ 0.8తో గుణించాలి (పైన పారే నీళ్లు అడుగు నీళ్ల కంటే జోరుగా పోతాయి). సెకనుకు 38 లీటర్లు వస్తుంది. తూము దగ్గర ఒకసారి, చివరి మడి దగ్గర ఒకసారి కొలవండి. మధ్యలో పోయినవి ఎక్కడికి పోయాయని ఇంజనీరూ రైతులూ కలిసి కాలవ వెంట నడిచి చూడాలి. బొరియలు, పగుళ్లు, దొంగ గండ్లు, అన్నీ ఉంటాయి. దొంగ గండి ఎవరిదో పైకి అడగొద్దు. అందరికీ తెలుసు.

5. ముగ్గురి భాషనూ ఒకటి చేయండి

రైతు "తడి" అంటాడు, ఇంజనీరు "ఎంసీఎఫ్‌టీ" అంటాడు, నగరం "ట్యాంకర్" అంటుంది. చార్టు మీద పక్కపక్కన పెట్టండి. ఎకరాకు ఒక అంగుళం నీళ్లు నిలిపితే 1.03 లక్షల లీటర్లు. రెండంగుళాల తడి అంటే 2.06 లక్షలు, 12 వేల లీటర్ల ట్యాంకర్లు 17. ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు, 2.83 కోట్ల లీటర్లు, దారిలో ఏమీ పోకపోతే 137 ఎకరాలకు ఒక్కో తడి. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 10 లక్షల లీటర్లు.

కోలారు వైపు ఊళ్లకు ఇది మరీ అవసరం. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్లు శుద్ధి అయి అక్కడి చెరువుల్లోకి వస్తున్నాయి. పథకం అంచనా 440 ఎంఎల్‌డీ. ఆ అంకె పేపర్లో చదివి మనకేం అర్థమవుతుంది? రోజుకు 44 కోట్ల లీటర్లు, అంటే 2 వేల ఎకరాలకు పైగా ఒక్కో తడి అని రాయండి, అప్పుడు చర్చ మొదలవుతుంది. ఆ నీళ్లు చెరువు నుంచి నేరుగా తోడి పారించడానికి ఇచ్చినవి కావు, భూమిలోకి ఇంకి బోర్లు కోలుకోవడానికి ఇచ్చినవి. మీటింగులో ఎవరో ఒకరు "ఎదురుగా నీళ్లున్నా ముట్టుకోనివ్వరా" అని లేస్తారు. ఇంజనీరు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. నీటి నాణ్యత పరీక్ష కాగితం ఆయన దగ్గర ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

6. పంట లెక్క

ముగ్గురు రైతులు, మూడు పంటలు. రాబడిలోంచి విత్తనం, ఎరువు, మందులు, కూలి, రవాణా, కమీషన్ తీసేయండి. ఇంట్లోవాళ్ల కష్టానికీ కూలి వేయండి. నీళ్లు లేని మెట్టకు ఊళ్లో ఉన్న గుత్త కూడా తీసేయండి. మిగిలింది నీళ్ల చలవ. దాన్ని వాడిన నీళ్లతో (వెయ్యి లీటర్ల లెక్కన) భాగించండి.

పద్ధతి అర్థం కావడానికి ఊహించి వేసిన అంకెలు ఇవి. మీ పట్టీలతో మీ లెక్క వేసుకోండి.

టమాటా, డ్రిప్పు: అన్నీ పోగా ఎకరాకు 60 వేలు మిగిలింది, నీళ్లు 20 లక్షల లీటర్లు. వెయ్యి లీటర్లకు 30 రూపాయలు.
వరి: మిగిలింది 18 వేలు, నీళ్లు 48 లక్షల లీటర్లు. వెయ్యికి 4 రూపాయల లోపు.
రాగి, వానపంట, కీలకమైన రెండు తడులు: ఆ రెండు తడుల వల్ల అదనంగా వచ్చిన గింజల విలువ, కోత ఖర్చు పోగా 16 వేలు. నీళ్లు 4.1 లక్షల లీటర్లు. వెయ్యికి 39 రూపాయలు.

రాగి గెలిచిందని ఎవరైనా చప్పట్లు కొడితే ఆపండి. ఆ 39 రూపాయలు ఆ రెండు తడులవే. మూడో తడికి అంత రాదు, నాలుగో తడికి ఏమీ రాకపోవచ్చు. టమాటా రేటు పడిన ఏడాది పట్టీ తీసి అదే లెక్క మళ్లీ వేయండి, మైనస్‌లోకి పోతుంది. అందుకే రెండేళ్ల పట్టీలు అడిగింది. వరి రైతును తక్కువ చేసి మాట్లాడొద్దు. మడిలో ఇంకిన నీళ్లలో కొంత పక్కవాడి బావికే చేరుతుంది, ఇంటి గింజలూ పశువుల గడ్డీ కూడా ఆయన లెక్కలో ఉన్నాయి. అయినా బోరు కింద వరి సంగతి అంకెలే చెబుతాయి. రెండంగుళాల బోరు రోజుకు 6 గంటలు ఆడితే 17,400 లీటర్లు. ఎకరా టమాటాకు 115 రోజులు చాలు, ఎకరా వరికి 276 రోజులు ఆడాలి.

ఇక లైన్‌మ్యాన్ వంతు. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా సాగు మోటార్లకు కరెంటు బిల్లు లేదు. కానీ 7.5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 6 యూనిట్లు తింటుంది. రెండంగుళాల బోరులో వెయ్యి లీటర్లకు 2 యూనిట్లు పైమాటే. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే 14 రూపాయలు దాటింది. ఇది రైతు కట్టేది కాదు, ఎవరో కట్టేది. చార్టులో వేరే రంగు పెన్నుతో రాయండి, వ్యాఖ్యానం అక్కర్లేదు.

లెక్క సరిగ్గా వచ్చిందా అని చూడటానికి ఊళ్లోనే ఒక తూనికరాయి ఉంది: మెట్ట గుత్త, నీళ్లున్న పొలం గుత్త. రెండింటి తేడానే ఆ ఊరు నీళ్లకు ఇప్పటికే కట్టిన వెల. మీ లెక్క దానికి ఆమడ దూరంలో ఉంటే ఖర్చులు ఎక్కడో మరిచారు. ఎక్కువసార్లు మరిచేది ఇంటి ఆడవాళ్ల కూలి.

ఇక్కడ ట్యాంకర్ మాట తప్పకుండా వస్తుంది. 2024 మార్చిలో నీటి కరువొచ్చినప్పుడు బెంగళూరు జిల్లా యంత్రాంగం 5 కిలోమీటర్ల లోపు 6 వేల లీటర్ల ట్యాంకర్‌కు 600, 12 వేల లీటర్లకు 1,000 రూపాయలు అని రేటు కట్టింది. అంటే వెయ్యి లీటర్లకు 83 నుంచి 100. "టమాటాకు 30, ట్యాంకర్‌కు 100, ఇంకెందుకు సాగు?" అని ఒక కుర్రాడు లేస్తాడు. ఆ వందలో డీజిలూ డ్రైవరూ బండీ ఉన్నాయి, బోరు గట్టున రైతు చేతికి వచ్చేది అందులో ఎంతో ఆ కుర్రాడినే అడగండి. పక్క బోరు మట్టం పడిపోతే ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలో కూడా అడగండి. జవాబు మీరు చెప్పొద్దు.

7. తేదీల చార్టు

నా అనుభవంలో ఇంజనీర్లు ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే. వారాలవారీగా గళ్లు గీయండి. రైతులు ఒక్కో పంటకు 20 చింతగింజలు తీసుకుని, ఏ వారం తడి తప్పితే ఎక్కువ నష్టమో అక్కడ ఎక్కువ గింజలు పెట్టాలి. రాగికి పిలకల దశలో, వెన్ను తీసి పూతకొచ్చినప్పుడు గింజలు కుప్పపడతాయి. టమాటాకు పూత, కాయ. కింద వరుసలో ఇంజనీరు తూము ఎత్తిన తేదీలు పెడతాడు, లైన్‌మ్యాన్ కరెంటు వేళలు పెడతాడు.

ఒక ఊళ్లో రెండు వరుసలూ కలిసింది మూడే వారాలు. ఇంజనీరు చాలాసేపు చార్టు చూసి, "నీళ్లు తక్కువిచ్చానని తిడుతున్నారనుకున్నా, వారం ఆలస్యంగా ఇచ్చాననా!" అన్నాడు. నీరుగంటి పెద్దాయన నవ్వి, "అదే సార్ ముప్పై ఏళ్లుగా చెబుతున్నది" అన్నాడు. ఆడవాళ్ల చార్టులో గింజలు ఇంకోచోట పడ్డాయి, ఏప్రిల్ చివర్లో. పశువుల తొట్టి ఎండే రోజులు అవి. మగవాళ్ల చార్టులో ఆ వారం ఖాళీ.

8. చింతగింజల ఆట

భోజనం అయ్యాక ఆడించండి, లేకపోతే నిద్రపోతారు. ఆంధ్రలో కరువు ఊళ్లలో భూగర్భజలాల మీద ఇలాంటి పంటల ఆటలు ఆడించి చూశారు. నేను ఆడించే పద్ధతి ఇది. ఐదుగురు, మధ్యలో గిన్నెలో 50 గింజలు. ప్రతి ఆటలో ఒక్కొక్కరు రాగి వేస్తే గిన్నెలోంచి 1 గింజ, లాభం 2 రూపాయలు. టమాటా వేస్తే 3 గింజలు, లాభం 5 రూపాయలు. ఆట ముగిశాక వాన పడి గిన్నెలో 5 గింజలు చేరతాయి. మొదటి విడత మాట్లాడకుండా, రెండో విడత మాట్లాడుకుని ఆడాలి.

అందరూ టమాటా వేస్తే ఆటకు 10 గింజలు తగ్గుతూ ఐదో ఆటకు గిన్నెలో పదే ఉంటాయి, కావాల్సింది 15. చివర కూర్చున్నవాళ్లకు సున్నా. ఇంజనీరును చివర కూర్చోబెట్టండి, రైతును వాన పోసే చోట కూర్చోబెట్టండి. నేను చూసిన ఒక ఇంజనీరు మొదటి ఆటలోనే మూడు గింజలు లాగేసుకున్నాడు. "సారూ, మీరూ అంతేనా" అని ఒకటే గోల. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు.

మాట్లాడుకుని ఆడిన విడతలో ఏం ఒప్పుకున్నారో రాసుకోండి. ఉమ్మడి ఆంధ్రలో 7 కరువు జిల్లాల్లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో నడిచిన రైతుల భూగర్భజల ప్రాజెక్టులో రైతులే వానా బోరు మట్టమూ కొలిచి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఈ ఆట దానికి మంచి ముందుమాట.

9. ఒక్క ఒప్పందం, ఒక్క పుస్తకం

ఆ రోజు పది తీర్మానాలు చేయొద్దు. ఒకటి చాలు. తూము తేదీ వారం ముందుకు జరపడం, లేదా ఒక కాలవ పగులు పూడ్చడం. కొలతల పుస్తకం పంచాయతీ ఆఫీసులో పెడితే తాళం పడుతుంది. పాల డెయిరీలో పెట్టండి. ఊరంతా పొద్దునా సాయంత్రం అక్కడికే వస్తుంది, పాల కొలత రాసే సెక్రటరీకి అంకెలు రాసే అలవాటు ఎలాగూ ఉంటుంది. నెలకోసారి ఒక బోరు డ్రమ్ము కొలత, వాన కొలత. అంతే.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

డబ్బాలో చీటీలున్నాయి కదా. మీటింగు చివర విప్పి చదవండి, పేర్లు చదవకుండా. అంచనాకూ కొలతకూ పదింతల తేడా ఉన్నవి దొరుకుతాయి, అందులో శాఖ వాళ్లవీ ఉంటాయి. ఒక పంట గడిచాక అవే ప్రశ్నలతో మళ్లీ చీటీలు రాయించండి. తేడా రెండింతల లోపుకు వస్తే నేర్చుకున్నట్టు. రాకపోతే మళ్లీ మీటింగు పెట్టకండి, మళ్లీ డ్రమ్ము పెట్టండి. రెండో గుర్తు: డెయిరీ పుస్తకంలో వరుసగా మూడు నెలలు ఒకే చేతిరాతతో ఒకే అంకె కనిపిస్తే, కొలవకుండా రాశారని అర్థం. గొడవ చేయకుండా మీరే వెళ్లి పక్కన నిలబడి కొలిపించండి.

ఇంజనీరు బదిలీ అయితే? అవుతాడు. కొత్తాయన వచ్చిన మొదటి వారమే సన్మానం, శాలువా అనకుండా బోరు దగ్గరికి తీసుకెళ్లి డ్రమ్ము పెట్టి ఫోను ఆయన చేతికే ఇచ్చి కొలవమనండి. ఆ అంకె పుస్తకంలో ఆయన చేతే రాయించండి.